ఎదురు తోట పూలు

పొద్దున్నే వంటింట్లో గిన్నెలు గట్టిగా మోగుతున్నాయంటే తల్లి ఇంకా తండ్రితో మాట్లాడటం లేదన్నమాట. గొడవ దేనికంటారా? ఎప్పుడో పోయిన ఇద్దరు ముసలాళ్ల కోసం!

మార్కెట్ గోడ మీద ఊరు పుట్టిన కథను బొమ్మలుగా వెయ్యమని ఊరి పెద్దలు ఆ ఇంటి కూతురికి అప్పగించారు. బోర్డులు రాసే పిల్ల కనుక అందరూ ఆమెను రంగులమ్మాయి అంటారు. మొదటి బొమ్మ ఎవరిది? రాళ్ల నేలలో తొలి బేరి మొక్క నాటింది మా తాత అని తండ్రి. తొలి పండ్ల బుట్ట రైలెక్కించి, ఈ ఇళ్లూ మార్కెట్టూ రావడానికి కారణమైంది మా తాత అని తల్లి. మాటా మాటా పెరిగి, మీ పుట్టింటి పూలు కూడా నాకక్కర్లేదని ఆయన అనేశాడు.

చిక్కల్లా అక్కడే వచ్చింది. బేరి చెట్లన్నీ ఒకే రకమైతే పూస్తాయి గానీ కాయవు. వేరే రకం పుప్పొడి తగలాలి. అందుకే ఏటా ఎదురుగా ఉన్న తల్లి అన్నయ్య తోట నుంచి పూల కొమ్మలు తెచ్చి, నీళ్ల బకెట్లలో పెట్టి, తమ చెట్లకు వేలాడదీస్తారు. మిగతా పని తేనెటీగలు చూసుకుంటాయి. ఈసారి ఒక్క బకెట్టూ రాలేదు. పూత రాలిపోతోంది.

రంగులమ్మాయికి ఒళ్లు మండింది. "గోడ ఎక్కడికీ పోదు నాన్నా, పూత పోతుంది. మీ పంతాలకి ఏడాది పంట పోవాలా?"

"వాళ్లు రాకముందు మా తాత చెట్లు కాయలేదా?" అన్నాడాయన ఉక్రోషంగా.

"కాయలేదురా," అంది అరుగు మీద కూర్చున్న నాయనమ్మ.

గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

తాను కాపురానికొచ్చిన కొత్తలో మామగారిని అందరూ పూలాయన అని వెక్కిరించేవాళ్లని నాయనమ్మ చెప్పింది. ఏళ్ల తరబడి పూతే తప్ప కాయ లేదు. విసిగిపోయి నరికేద్దామనుకుంటుండగా, ఎదురు స్థలం కొన్న కోడలి తాత వేసిన వేరే రకం మొక్కలు తొలిసారి పూశాయి. ఆ ఏడు రెండు తోటలూ కాశాయి. ఇద్దరూ కలిసి ఒకే బుట్టలో పండ్లు సర్ది రైలెక్కించారు.

"ఇన్నాళ్లూ చెప్పలేదేం అమ్మా?"

"నన్నెవరడిగారు? ఎవరి తాత గొప్ప వాళ్లు చెప్పుకోవడానికే పొద్దు చాలలేదు మీకు."

తండ్రి తలొంచుకుని బకెట్లు అందుకున్నాడు. తల్లి వేరే బకెట్లతో గబగబా బయటికొచ్చింది.

"అవి కారతాయి. ఇవి పట్టుకెళ్లండి."

"నువ్వూ రా. ఒక్కణ్ణే వెళితే మీ అన్నయ్య ఏడిపిస్తాడు," అన్నాడాయన. నవ్వబోయిన ఆమెకు ఏడుపు వచ్చేసింది.

గేటు దాటకముందే మళ్లీ మొదలెట్టారు. ఈసారి ముందు మీ తాత బొమ్మ వెయ్యాలని ఒకరంటే, కాదు మీ తాతదే వెయ్యాలని ఇంకొకరు. రంగులమ్మాయి నవ్వుకుంటూ పెన్సిల్ తీసింది. ఇద్దరి మధ్యా ఆ బుట్టను గీయాలి.

"అదెలా ఉండేది నానమ్మా?"

"పొడుగ్గా, రెండు పిడులతో. అల్లింది నేనేగా."

పెన్సిల్ ఆగింది. "అయితే మొదటి బొమ్మ నీదే."

"ఛీ, నేనెందుకే గోడ మీద," అంటూనే ముసలామె జుట్టు సర్దుకుంది. కన్నీళ్లు మాత్రం ఎంత తుడుచుకున్నా ఆగలేదు.