అడిగి పట్టిన గొడుగు

రాయచూరు గంజ్ బజారులో కేశవులు దుకాణం తెలియనివాళ్లు తక్కువ. హెల్మెట్లు, గ్లోవ్స్, తాళాలు, ఎత్తు ఎక్కేవాళ్లు కట్టుకునే సేఫ్టీ బెల్టులు అక్కడ దొరుకుతాయి. ఊరి బయట పవర్ ప్లాంటు వచ్చాక గిరాకీ ఇంకా పెరిగింది. కేశవులు కొడుకు పృథ్వి గల్లా మీద కూర్చుంటాడు. సరుకు చూడగానే దాని విలువ చెప్పేవాడు. మనుషులను కూడా అలాగే తూచగలనని అనుకునేవాడు. ధనశ్రీ విషయంలో మాత్రం మొదటి రోజే తూకం తప్పాడు.

ఆ సాయంత్రం కల్మల ఊరి దిక్కు నుంచి మబ్బు పట్టి వాన దంచికొట్టింది. రాయచూరులో వానంటే దూరపు చుట్టం లాంటిది. రానే రాదు, వస్తే చెప్పాపెట్టకుండా వస్తుంది. దుకాణం ముందు ఒక స్కూటీ ఆగింది. రెయిన్‌కోటు వేసుకున్న అమ్మాయి వెనక సీటు మీద ఉన్న మూటను దించుతోంది. పృథ్వి గొడుగు తీసుకుని ఒక్క ఉరుకున వెళ్లి మూట అందుకున్నాడు.

"మీరు లోపలికి రండి మేడం, నేను తెస్త."

ఆమె వదల్లేదు. అతడు లాగాడు. మూట నడిమికి చిరిగి బెల్టులన్నీ బురదలో పడ్డాయి.

"సాయం జెయ్యమని నేనడిగిన్నా?"

"తడుస్తున్నరని..."

"నేను రెయిన్‌కోట్ ఏసుకున్న. తడుస్తున్నది నువ్వు, సేటూ."

నిజమే. గొడుగు ఆమె మీద పట్టి తను నిలువునా తడిశాడు.

లోపలి నుంచి కేశవులు అరిచాడు. "ఏందిరా, గిరాకీకి గొడుగు పట్టి మాల్ బురదల పడేసినవ్? ఇదేం బేరంరా?"

ఆమె పేరు ధనశ్రీ. రాయచూరు పిల్లే, ప్లాంటులో ఇంజనీరు. బెల్టులు వాపసు ఇవ్వడానికి వచ్చింది.

"ఇవన్నీ మీ మగోళ్ల నడుములకే కుట్టిండ్రు. నేనేసుకుంటే జారిపోతున్నయ్. పై నుంచి పడితే గప్పుడు గూడ గొడుగు పట్టుకొస్తవా?"

"ఆడోళ్లు గూడ అంత ఎత్తు ఎక్కుతరా?"

"ఎక్కనిస్తే ఎక్కుతం" అని నవ్వింది.

గల్లా మీద కూర్చున్నవాడు గిరాకీ ముఖం చూడాలి గాని, చూస్తూ ఉండిపోకూడదు. పృథ్వి ఉండిపోయాడు.

చిన్న సైజు బెల్టు కోసం తెలిసిన వ్యాపారులందరికీ ఫోన్ చేశాడు. అది ఎవడడుగుతాడని అందరూ నవ్వారు. చివరికి తనే రైలెక్కి హైదరాబాద్ పోయి వెతికి తెచ్చాడు. ధనశ్రీ దుకాణంలోనే కట్టుకుని చూసింది. వీపు మీది పట్టీ మెలిపడితే సరిచేద్దామని పృథ్వి చేయి ముందుకు పోయింది. బురదలో పడ్డ బెల్టులు గుర్తొచ్చి ఆగింది.

"సరిజెయ్యనా?"

"నేనే చేసుకుంట. సరిగ్గ పడిందో లేదో చూసి చెప్పు."

చూశాడు. "పడింది" అనడానికి కొంచెం సమయం పట్టింది.

ఆ తర్వాత ఆమెకు గంజ్‌లో పనులు ఎక్కువయ్యాయి. ఒకసారి గ్లోవ్స్, ఒకసారి తాళాలు, ఒకసారి ఏమీ లేదు. ఎదురు హోటల్ నుంచి చాయ్ వచ్చేది, చాయ్‌తో పాటు వాదనా నడిచేది.

"బస్సుల సీటు ఇస్తే తీసుకుంటవా?" అని పృథ్వి అడిగాడు.

"కాళ్లు నొస్తే తీసుకుంట. నీకు నొస్తే నేనిస్త. కూసుంటవా?"

"మగోన్ని, ఎట్ల కూసుంట?"

"గదే మీ రోగం. ఇచ్చుడే తెలుసు, తీసుకునుడు రాదు."

ఒక రోజు ఆమె కళ్లు వెలిగిపోతూ వచ్చింది. బాయిలర్ ఆపి చల్లార్చి, పై దాకా ఎక్కి తనిఖీ చేసే షట్‌డౌన్ దగ్గరపడింది. ఏడాదికొకసారి వచ్చే పని అది. ఎక్కినవాళ్లకే తర్వాత బాయిలర్ బాధ్యత ఇస్తారు, ఎక్కనివాళ్లు ఆఫీసులో కాగితాలతో ఉండిపోతారు. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఆమె కోరుకున్నది అదే.

"టీముల నా పేరు ఉంది సేటూ! నువ్వు తెచ్చిన బెల్టే ఏసుకుంట."

పృథ్వి నవ్వాడు. ఆమె వెళ్లాక మాత్రం, బాయిలర్ ఎంత ఎత్తుంటుందని ప్లాంటు నుంచి వచ్చిన గిరాకీనల్లా అడిగాడు.

గంజ్‌లో పని జరగాలన్నా, ఆగాలన్నా తెలిసినవాళ్ల చెవిన ఒక మాట వేస్తారు. అది అక్కడి అలవాటు. టీము పెద్ద మహదేవప్ప గ్లోవ్స్ కోసం దుకాణానికి వచ్చినప్పుడు పృథ్వి చాయ్ ఇచ్చి మాట వేశాడు.

"సార్, ధనశ్రీ మేడంను అంత పైకి ఎక్కించకండి. ఏమన్న అయితే..."

"హౌదప్పా. నాకూ గదే దిగులు" అన్నాడాయన, కన్నడం కలిపిన తెలుగులో.

ఆమె పేరు తీసేశారు. ఆమెకు తెలియకుండానే ఆమె మీద గొడుగు పట్టినంత సంతోషపడ్డాడు పృథ్వి.

షట్‌డౌన్ మొదలైన రోజు ధనశ్రీ వచ్చి బెల్టు గల్లా మీద పెట్టింది.

"'నీ మంచి కోరేటోళ్లు ఉన్నరమ్మా, ఆ గంజ్ పిల్లగాడు నీ గురించి చెప్పిండు' అని మహదేవప్ప సార్ మెచ్చుకున్నడు. నా పేరు ఎందుకు పోయిందో గప్పుడు తెలిసింది."

"పడతవేమోనని భయమైంది."

"భయం నీది, ఎక్కేది నేను. నీ భయం తెచ్చి నా మెడకెందుకు కట్టినవ్? బెల్ట్ వెతికి తెచ్చింది నువ్వే, ఎక్కకుండ చేసింది నువ్వే. ఇద్దర్ల నువ్వు ఎవరు, సేటూ?"

ఆమె గల్లా మీది ఎర్ర తాళం చేతిలోకి తీసుకుంది.

"మిషన్ ఆపి పని చేసేటప్పుడు దాని స్విచ్చుకు ఎవరి తాళం వాళ్లు ఏసుకుంటం. ఏసినోడే వచ్చి తియ్యాలె, ఇంకెవరూ ముట్టరు. ఇవి అమ్మేటోనివి, నీకు నేను చెప్పాల్నా?"

తాళం అక్కడే పెట్టి వెళ్లిపోయింది.

పృథ్వి వెంటనే ప్లాంటు గేటు దగ్గరికి పోయి మహదేవప్పను పిలిపించాడు.

"సార్, నేనేసిన మాట వాపస్ తీసుకుంటున్న."

"టీము లోపలికి పోయిందప్పా. ఈసారికి ఐపోయె. ఇంక వచ్చే ఏడే." మహదేవప్ప గడ్డం గోక్కున్నాడు. "నువ్వు చెప్తివి, నేను వింటిని. ఇద్దరం ఆమెను అడగనే లేదు, చూడప్పా."

"వచ్చే ఏడు ఆమెనే అడగండి సార్."

పృథ్వికి ఏడాది అంటే ఎంత పొడవో ఆ ఏడాదే తెలిసింది. ప్లాంటుకు కావలసిన సరుకు కోసం వేరేవాళ్లు వచ్చేవారు. స్కూటీ చప్పుడైతే తల ఎత్తేవాడు, దించేవాడు. ఫోన్‌లో మెసేజ్ రాసేవాడు, చెరిపేసేవాడు. బెల్టు గల్లా పైన మేకుకు వేలాడింది. అమ్మడు, దాచడు, దుమ్ము మాత్రం తుడుస్తాడు. సాయంత్రం మిద్దె ఎక్కితే దూరాన ప్లాంటు చిమ్నీ కనిపిస్తుంది. పొగ వస్తుంటే ఆమె పనిలో ఉందని అనుకునేవాడు. ఆ లెక్కకు ఆధారం లేదు. అయినా రోజూ వేసుకునేవాడు.

ఒక కొత్త అలవాటు మాత్రం వచ్చింది. మోకు చుట్ట ఎత్తలేక ఆయాసపడుతున్న ముసలి గిరాకీ హనుమమ్మను చూసి, "అమ్మా, సాయం పట్టనా?" అని అడిగాడు.

"నడుము ఇరుగుతాంటే అడుగుడేందయ్యా, పట్టు!" అని ఆమె కసిరింది.

ఒకనాడు చిమ్నీ పొగ ఆగింది. మరునాడు ప్లాంటు మనిషి వచ్చి, ధనశ్రీ మేడం బెల్ట్ ఇయ్యమన్నదని అడిగాడు. పృథ్వి ప్రతి కుట్టూ లాగి చూసి ఇచ్చాడు. జాగ్రత్త అని చెప్పాలని నోటి దాకా వచ్చింది. మింగేశాడు.

"సరిగ్గ పడకపోతే వాపస్ తెమ్మని చెప్పు" అన్నాడు.

షట్‌డౌన్ నడిచినన్నాళ్లూ మిద్దె మీదే ఉన్నాడు. మళ్లీ పొగ కనిపించిన సాయంత్రం, వాన మొదలవుతుండగా ధనశ్రీ వచ్చింది. జుట్టు నిండా బూడిద, భుజం మీద బెల్టు.

"సరిగ్గ పడిందా?"

"పడింది." ఆమె భుజం మీది బెల్టు సర్దుకుంది. "పైన ప్లాట్‌ఫారం మీద నిలబడితే కోట గుట్ట కనిపిస్తది. నీ మిద్దె కనపడలే. ఎక్కడుంటదో లెక్క ఏసుకున్న."

"నేను ఈడ నుంచి చిమ్నీ చూసిన."

"తెలుసు. బెల్ట్ ఉందా అని ఫోన్ చేస్తే మీ నాయన చెప్పిండు."

లోపల కేశవులు దగ్గాడు. "నేనేం మాట ఏయలేదురా. ఆ పిల్ల అడిగింది, చెప్పిన."

ధనశ్రీ నవ్వు ఆపుకుంది. "మహదేవప్ప సార్ ఈసారి 'ఎక్కుతవామ్మా' అని నన్నే అడిగిండు. అట్ల అడగమన్నది ఎవరో గూడ చెప్పిండు."

"నేను గూడ ఒకటడుగుత, ధనశ్రీ. నాకు నిన్ను పెండ్లి చేసుకోవాలని ఉంది. నీకు ఉందా?"

వాన చప్పుడు పెరిగింది. ఆమె బూడిద అంటిన చేతులను చూసుకుంది.

"నేను ప్రతి ఏడాది ఎక్కుత."

"బెల్ట్ నేనే తెస్త. కింద భయపడుకుంట నిలబడత. భయం మాత్రం నా దగ్గరే పెట్టుకుంట."

"గొడుగు ఉందా, సేటూ?"

తెచ్చాడు. విప్పే ముందు ఆగాడు. "పట్టనా?"

"పట్టు. గంజ్ గేటు దాక నువ్వు, ఆడి నుంచి నేను."

గేటు దగ్గర ఆమె చేయి చాపింది. గొడుగు ఇచ్చాడు. ఆమె పొట్టి కావడంతో గొడుగు కడ్డీలు అతని నెత్తికి తగిలాయి. పృథ్వి తల వంచుకుని నడిచాడు. ఎంత లెక్క వేసినా అందులో నష్టమేమీ కనిపించలేదు.