అమ్మ పేరు మీద జవాబు

బూట్లు ఇంకా విప్పనే లేదు, ఫోన్ టింగుమంది.

"అబ్బా, మళ్ళీ మొదలు!" అని విసుక్కుంది మేనేజరమ్మ.

ఐదో క్లాసు చదివే ఆ పిల్లకి ఆ పేరు పెట్టింది వాళ్ళమ్మే. స్కూలు వదిలింది మొదలు తాళం, ఫోను, తమ్ముడు బుడ్డోడు, అన్నీ ఆ పిల్ల చేతిలోనే. నాన్న లారీ మీద వెళ్తే ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు. అమ్మేమో ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికి, ఇస్త్రీ చేసి, పొద్దుగూకే వేళకి ఈసురోమంటూ వస్తుంది. అక్కడ ఆవిరికి పాడైపోతుందని ఫోన్ ఇంట్లోనే వదిలి వెళ్తుంది.

ఆ టింగుటింగులు బుడ్డోడి నర్సరీ టీచరువి. పిల్లలు క్లాసులో ఏం చేసినా ఫొటోనో వీడియోనో తీసి, ఎవరి పేజీలో వాళ్ళది యాప్‌లో పెడుతుందావిడ. ఇంట్లోవాళ్ళు చూసి జవాబు రాస్తే, మర్నాడు క్లాసులో చదివి వినిపిస్తుంది. పిల్లలకి అదో పండగ.

మొదట్లో అమ్మే రాసేది. ఇస్త్రీ చేసీ చేసీ వేళ్ళు బిగుసుకుపోయి, ఒక్క అక్షరం నొక్కాలంటే తల ప్రాణం తోకకి వచ్చేది. పాపం, అమ్మకెందుకీ తిప్పలు అనుకుంది మేనేజరమ్మ. తనే అమ్మ పేరు మీద రాయడం మొదలుపెట్టింది. కొన్నాళ్ళకి తనకీ విసుగొచ్చింది. తెరిచి చూడటం కూడా మానేసి, "చాలా బాగుంది నాన్నా!" అని కొట్టేసేది. మట్టి బొమ్మకీ అదే, వంకర అంకెలకీ అదే.

"టీచర్ ఏమన్నా పంపిందా?" అని అమ్మ అడిగితే, "నేను చూసుకున్నాలే, నువ్వు పడుకో" అనేది.

ఆ రోజు కూడా అదే మాట కొట్టేసి చేతులు దులుపుకుంది.

మర్నాడు అమ్మ ఇంట్లో అడుగుపెట్టగానే బుడ్డోడు కాళ్ళకి చుట్టుకోలేదు. మంచం వెనక్కి వెళ్ళి మూతి ముడుచుకుని కూర్చున్నాడు.

"ఏంట్రా, అలిగావా?" అంది అమ్మ, చెప్పులు విప్పుతూ.

"నాతో మాట్లాడకు! నా బ్రిడ్జి పడిపోయి నేను ఏడిస్తే, చాలా బాగుందన్నావుగా! టీచర్ సగం చదివి ఆపేసింది. అందరూ నవ్వారు."

"ఏ బ్రిడ్జిరా?"

అంతే! బుడ్డోడు గొల్లుమన్నాడు. "నువ్వు చూడనే లేదా?"

అమ్మకి ఏమీ అర్థం కాలేదు. మేనేజరమ్మకి మాత్రం అంతా తెలిసిపోయింది. ఊరుకుంటే వాడు అమ్మ మీదే కోపం పెట్టుకుంటాడు.

"అమ్మ కాదురా, నేను రాశాను" అంది నేల చూపులు చూస్తూ. "నేనూ చూడలేదు. ఇన్నాళ్ళూ నేనే రాస్తున్నానమ్మా. నువ్వు అలిసిపోయి వస్తావని..."

అమ్మ తిట్టలేదు. గోడకి చేరగిలబడి కూర్చుంది. తిట్టినా బాగుండేది అనిపించింది ఆ పిల్లకి.

"అలుపు నిజమేనే తల్లీ" అంది అమ్మ. "కానీ పొద్దంతా వీడు నా కళ్ళ ముందు ఉండడు. వీడేం చేశాడో చూసే ఆ కాస్తా కూడా నాకు లేకుండా చేశావు కదే."

మేనేజరమ్మకి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఫోన్ తెచ్చి అమ్మ పక్కన కూర్చుని వీడియో పెట్టింది.

చెక్కముక్కల బ్రిడ్జి ఢామ్మని కూలింది. బుడ్డోడు భోరున ఏడ్చాడు. తర్వాత చొక్కాకి ముక్కు తుడుచుకుని, మళ్ళీ ఒక్కో ముక్కా పేర్చాడు. ఈసారి దాని మీద బొమ్మ కారు దాటింది.

"ఓరి గడుగ్గాయీ! ఆ చొక్కా ఉతికేది నేనేరా!" అని నవ్వింది అమ్మ. "ఏడుస్తూనే కట్టేశావే!"

మంచం వెనక నుంచి ఓ తల బయటికొచ్చింది. "మళ్ళీ పెట్టక్కా" అంటూ వచ్చి అమ్మ ఒళ్ళోకి ఎక్కేశాడు.

రెండోసారి కారు దాటేలోపే అమ్మ కళ్ళు మూతలు పడ్డాయి. బుడ్డోడు ఆమె చెయ్యి లాగి తన పొట్ట మీద వేసుకున్నాడు.

నిన్నటి జవాబు కింద, కొత్తది రాసే గడి ఖాళీగా ఉంది. మేనేజరమ్మ చాలాసేపు ఆలోచించి, నెమ్మదిగా రాసింది.

"టీచర్, నేను వీడి అక్కని. నిన్న రాసింది అమ్మ కాదు, నేను. ఇవాళ అమ్మ చూసి నవ్వింది. రెండోసారి చూస్తూ మధ్యలో నిద్రపోయింది. లేచాక ఏమంటుందో అడిగి రాస్తాను."