మూత వేసిన ల్యాప్‌టాప్

ఉదయం తొమ్మిదింటికి లిఫ్ట్‌లో శవమై దొరికినవాడు మన ఏజెంటే. తొమ్మిదిన్నరకి చీఫ్ గదిలో నత్త కూర్చుని ఉన్నాడు. డిపార్ట్‌మెంట్‌లో అతని పేరు అదే. పదేళ్లుగా దేనికీ నవ్వింది లేదు, ఏడ్చింది లేదు. చనిపోయినాయన తనకి ట్రైనింగ్ ఇచ్చిన గురువు. ఆ కబురు విన్నా లోపల ఏమీ కదల్లేదు. ఒకప్పుడు కదిలేది.

"చచ్చేముందు ఎనిమిది పేర్లు టైప్ చేశాడు," అన్నాడు చీఫ్. "విదేశీ ముఠాలో ఉంటూ మనకి సమాచారం ఇస్తున్నవాళ్లవి. టైప్ చేసింది తను మారువేషంలో పనిచేస్తున్న ఆఫీసు ల్యాప్‌టాప్‌లో, నెట్‌వర్క్ లేని చోట."

"అయితే ఫైలు ఇంకా ల్యాప్‌టాప్‌లోనే ఉంటుంది."

"నెట్‌వర్క్ తగిలేదాకా. అక్కడ అందరి డాక్యుమెంట్స్ ఫోల్డరూ ఉండేది సర్వర్‌లోనే. తగలగానే సింక్ అయి అక్కడికి చేరుతుంది. ఆ సర్వర్ మీద ముఠా కన్నేసి కూర్చుంది. పేర్లు పడ్డాయా, సాయంత్రానికి ఎనిమిది శవాలు."

"సరే."

"ఐదో పేరు మీ బావది."

"మా అక్క మొగుడా? ఆయనకి సైకిల్ తొక్కడం కూడా రాదు."

"అందుకే ఇన్నాళ్లు బతికాడు."

నత్త భయం కోసం లోపల వెతుక్కున్నాడు. దొరకలేదు.

పదింటికి కంప్యూటర్ మెకానిక్ వేషంలో ఆ ఆఫీసులో దిగాడు. సంచిలో మూడు స్క్రూడ్రైవర్లు. ఒకటి కెమెరా, ఒకటి వైర్‌లెస్, మూడోది పాపం స్క్రూడ్రైవరే.

ల్యాప్‌టాప్‌లు ఇచ్చే కౌంటర్లో స్టోర్ మేడమ్ లిప్‌స్టిక్ దిద్దుకుంటోంది. ఆమె అందం గురించి రెండు దేశాల రికార్డుల్లోనూ ఉంది. ఎవరి మనిషో మాత్రం ఎక్కడా లేదు.

"ఆకుపచ్చ టిక్కు వచ్చిందా?" కోడ్ మాట విసిరాడు నత్త.

"ఇంకా తిరుగుతూనే ఉంది." జవాబు సరిపోయింది.

"ఇవాళ మీరు ఎవరి తరఫు?"

"ఇంకా తేల్చుకోలేదు."

"పోయినాయన నిన్న తిరిగిచ్చిన ల్యాప్‌టాప్?"

"కట్టేసే ఇచ్చాడండీ. ఇప్పుడే తీసి నెట్‌వర్క్ కేబుల్ పెట్టాను."

ఆ ఆఫీసులో కట్టేయడమంటే మూత వేయడం. ఆరుగురికి ఒక ల్యాప్‌టాప్, అయినా లాగవుట్ చేసిన పాపాన ఎవరూ పోలేదు. మూత తీసిన ప్రతిసారీ పాస్‌వర్డ్ కొట్టలేమని గోల పెడితే ఆ సెట్టింగూ పీకేశారు. అంతటి గురువుగారికీ అదే అలవాటు. మనిషి పోయాడు గానీ లాగిన్ బతికే ఉంది.

తెర మీద నలభై ఏడు ఫైళ్లలో నలభై నాలుగు వెళ్లిపోయాయి. నత్త కేబుల్ పీకాడు. వైఫై అందుకుంది. నలభై ఐదు. పవర్ బటన్ నొక్కిపట్టే వ్యవధి లేదు. నలభై ఆరు. మిగిలింది పేర్ల ఫైలొక్కటే.

"మౌస్ వదలండి," అంది మేడమ్. పిస్టల్ మెడకి తగిలింది.

నత్త వదల్లేదు. ఆ ఫైలు మీద రెండుసార్లు నొక్కి తెరిచాడు. తెరిచి ఉన్న ఫైలు సింక్ కాదని మెకానిక్‌లకి తెలుసు, ముఠాలకి తెలియదు.

'ఫైలు వాడకంలో ఉంది. సింక్ కుదరలేదు' అని తెర మీద పడింది. వెంటనే వైఫై ఆపేశాడు.

మేడమ్ నిట్టూర్చి పిస్టల్ హ్యాండ్‌బ్యాగ్‌లో పడేసుకుంది. "అయితే ఇవాళ మీ తరఫే."

"థాంక్స్."

"తుపాకీ పెట్టినా చెయ్యి వణకలేదు. మీరు దేనికీ భయపడరా?"

నత్త తెర మీద ఐదో పేరు చదివాడు, ఇంటిపేరుతో సహా. అప్పుడు మొదలైంది వేళ్లలో వణుకు.

"మా అక్కకి," అన్నాడు.