నెట్టు లేని వెబ్‌సైటు

“ఏటండీ ఇది, గిన్నా? అప్పడమా?”

యాంగోన్‌లోని అహ్లోన్ బజార్లో అల్యూమినియం గిన్నెల దుకాణం ముందు నిలబడి కెరెన్ అడిగిన మొదటి మాట అది. ఆమె చేతిలో పెద్ద డేక్సా. చుట్టూతా సొట్టలే.

దుకాణంలో కూర్చున్న రవీంద్ర దాన్ని తిప్పి చూసి, వీధిలో అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు. “మా గిన్నెల్లో అన్నం వండుతారండి. ఇది దెయ్యాల్ని తోలినట్టున్నాది.”

“ఊరంతా తోలుతున్నాది. మా ఇంట్లో మాత్రం మానీమంటారేటి?”

సైన్యం అధికారం లాక్కున్న ఏడాది అది. రోజూ రాత్రి ఎనిమిదయ్యేసరికి యాంగోన్‌లో ఇంటింటా గిన్నెలు మోగేవి. దెయ్యాన్ని తరమడానికి బర్మా వాళ్ల పాత పద్ధతది. దొరికితే జైలు. తెల్లారితే రవీంద్ర దుకాణం ముందు సొట్టగిన్నెల వరస. ఇంత పోరాటంలో బేరం పెరిగినవాడు ఊరు మొత్తమ్మీద తనొక్కడేనేమోనని అతనికి లోలోపల సిగ్గుగానే ఉండేది.

“రెండేళ్లు వారంటీ అన్నారు” కెరెన్ వదల్లేదు.

“వారంటీ వంటకేనండి. విప్లవానికి లేదు.”

“ఆ ముక్క అమ్మినప్పుడు సెప్పినారా? లేదు కదా! వారంటీ ఇచ్చినోళ్లు రిపేరు ఖర్చు ముందే లెక్కలో చూపించుకోవాలి. ఫైనాన్షియల్ రిపోర్టింగ్ స్టాండర్డు అది. తెలీదా?”

“నాకు తెలిసింది సెవెన్తు స్టాండర్డేనండి. అక్కడే ఆపీసినాను.”

కెరెన్ నవ్వు ఆపుకోబోయి ఓడిపోయింది. “రేపు మా తెలుగు చర్చి హాలుకి రండి. డిజిటల్ బిజినెస్సూ, ఈ స్టాండర్డులూ మొదట్నించీ నేర్పుతున్నాను. ఫీజు లేదు. గిన్నె మాత్రం సాపు చేసి తెండి.”

రవీంద్ర వెళ్లాడు. ఫీజు లేదనగానే వాళ్లమ్మ తులసమ్మ కూడా బయల్దేరింది.

అసలది ఫోన్లో చూసి నేర్చుకునే కోర్సు. మొదలైన వారానికే సైన్యంవాళ్లు మొబైల్ నెట్టు కట్టేశారు. కెరెన్ ఊరుకునే రకం కాదు. మనుషుల్తోనే వెబ్‌సైటు కట్టేసింది.

తులసమ్మ సెర్చ్ బాక్సు. ఎవరైనా అడిగేదాకా నోరు మెదపకూడదు. ఆ తల్లికి అంతకంటే పెద్ద శిక్ష లేదు. ఊరి చివర లైంగ్‌థార్యార్‌లో గార్మెంట్ ఫ్యాక్టరీ మూతపడి వచ్చిన ఇద్దరు అక్కచెల్లెళ్లు, సుధా భానుప్రియా, సరుకుల ఫొటోలు. చెరో డేక్సా పట్టుకుని కదలకుండా నవ్వాలి. కెరెన్ తండ్రి ఎర్నెస్ట్ ఆ చర్చి పెద్దల్లో ఒకడు, డీకన్. పుట్టి బుద్ధెరిగాక అబద్ధమాడలేదని పేరు. ఎవర్నీ నమ్మడు కాబట్టి ఆయన డబ్బు సరిచూసి ఔనో కాదో చెప్పే పేమెంట్ గేట్‌వే.

“మరి నాను?” అన్నాడు రవీంద్ర.

“మీరు లోడింగు. పేజీ తెరుచుకునేదాకా గుండ్రంగా తిరగండి.”

తిరిగాడు. ఒక్కో చుట్టుకీ ఒక్కసారి కెరెన్ కనబడేది. రెండో రోజుకల్లా ఆ వైపుకొచ్చేసరికి అతని వేగం తగ్గసాగింది.

“నెట్టు స్లో అయిపోతున్నాది” అంది కెరెన్, చూపు పుస్తకంలోకి దించుకుని.

“సిగ్నలు ఇక్కడే బాగున్నాదండి.”

“డిక్లైన్డ్!” అని అరిచాడు ఎర్నెస్ట్ హాలు చివర్నించి.

మధ్యాహ్నాలు కెరెన్ స్టాండర్డులు చెప్పేది. మాటిచ్చిన రోజు వచ్చేది ఆదాయం కాదనీ, చెప్పిన పని చేసి చూపించాకే దాన్ని గుర్తించాలనీ వివరించింది ఒకరోజు. పాఠమయ్యాక రవీంద్ర మెట్ల దగ్గర ఆగాడు.

“నాను మీకు జన్మంతా తోడుంటానంటే?”

“మాటే కదా. ఇంకా గుర్తించలేను.” ఆమె బుగ్గలు మాత్రం అప్పటికే గుర్తించేశాయి.

మర్నాడు పొద్దున తులసమ్మ నోరు బిగించుకుని, అక్కచెల్లెళ్లు నవ్వుతూ, రవీంద్ర తిరుగుతూ ఉండగా తలుపు దభాలున తెరుచుకుంది. ఒక ఆఫీసరు, వెనకాల తుపాకులతో ఇద్దరు సైనికులు.

“వీడెందుకు తిరుగుతున్నాడు?” బర్మీస్‌లో అడిగాడు ఆఫీసరు.

“లోడింగ్ సార్” అంది కెరెన్. “ఇది వెబ్‌సైటు.”

“ఇంటర్నెట్ లేదుగా?”

“అందుకే సార్.”

ఆఫీసరు కాసేపు ఆలోచించాడు. అర్థం కానందుకు కోపం వచ్చింది. “ఐదుగురికి మించి గుమిగూడకూడదు. ఒకే కుటుంబమైతే తప్ప. ఇక్కడ ఆరుగురున్నారు. ఈ కుర్రాణ్ణి ట్రక్కు ఎక్కించండి.”

సైనికుడు రవీంద్ర చొక్కా పట్టుకున్నాడు. అలా ఎక్కించిన వాళ్లు తిరిగొచ్చిన దాఖలా ఆ వీధిలో లేదు.

“ఆగండి” ఎర్నెస్ట్ లేచాడు. “అందరం ఒకే కుటుంబం. అతను మా అల్లుడు. ఆమె మా వియ్యపురాలు. ఆ పిల్లలిద్దరూ అల్లుడి చెల్లెళ్లు.”

ఆఫీసరు అనుమానంగా తులసమ్మ వైపు తిరిగాడు. “అవునా? మీ కోడలెలాంటిది?”

ఎవరో ఒకరు అడిగారు. ఇక ఆగేదెవరు!

“ఏం చెప్పను బాబూ! పొద్దెక్కేదాకా లేవదు. కూరలో ఉప్పుండదు. నా కొడుకుని పగలంతా గానుగెద్దులా తిప్పుతుంది, మీరే చూశారుగా! ఇంక ఇంట్లో గిన్నెలైతే, ఒక్కటంటే ఒక్కటి...”

సుధా భానుప్రియా చేతుల్లోని డేక్సాల్ని వీపుల వెనక్కి తోశారు.

“...సరిగ్గా తోమదు!” అంది తులసమ్మ, గుటక మింగి.

ఆఫీసరు నిట్టూర్చాడు. “మా ఇంట్లోనూ ఇదే” అని గొణిగి, రవీంద్రని వదిలేయమని సైగ చేసి వెళ్లిపోయాడు.

ట్రక్కు చప్పుడు దూరమయ్యాక ఎర్నెస్ట్ కుర్చీలో కూలబడ్డాడు. “అబద్దమాడీసినాను. అదీ చర్చి హాల్లో.”

“ప్రాణం కాపాడినావు నాన్నా.”

“అబద్దం అబద్దమే కదమ్మా. ఇప్పుడింక దాన్ని నిజం సేసుకోవడమొక్కటే దారి.”

అందరూ రవీంద్ర వైపు చూశారు.

“నన్నెవరూ అడగరేటి?” అంది కెరెన్.

ఎర్నెస్ట్ తలెత్తాడు. “అడుగుతున్నానమ్మా.”

కెరెన్ జవాబు తండ్రికి చెప్పలేదు. రవీంద్ర దగ్గరికొచ్చి, సైనికుడు నలిపిన కాలరు సరిచేసింది. “నాను పొద్దెక్కేదాకా లేవననేది నిజమే. ఆలోచించుకోండి.”

“నానే కాఫీ పెడతానండి.”

“ఏటీ!” తులసమ్మ లేచింది. “అడక్కుండానే నన్ను వియ్యపురాల్ని సేసీసినారు. నొప్పుల్లేకుండా ఇద్దరు కూతుళ్లని కూడా ఇచ్చీసినారు. సరే, పోనీ. పెళ్లి మాత్రం అమ్మోరి గుళ్లోనే!”

“చర్చిలోనమ్మా” అన్నాడు ఎర్నెస్ట్.

“గుళ్లో!”

“చర్చిలో!”

కాసేపట్లో ఇద్దరి గొంతులూ వీధిలోకి వినిపించాయి. సుధా భానుప్రియా ఆడపడుచుల హోదాలో చెరో వైపూ చేరి అరవడం మొదలుపెట్టారు. వాళ్లంతా ఒకే కుటుంబమని ఇక ఎవరికీ రుజువు చూపించనక్కర్లేదు. ఆ గోలలో రవీంద్రా కెరెనూ వెనక తలుపు దాటి మెట్ల మీద కూర్చున్నారు. చాలాసేపటిదాకా వాళ్ల కోసం ఎవరూ వెతకలేదు.