వంటావిడ పళ్లెం

ఇంటిల్లిపాదికీ వండిపెట్టే మనిషికి మంచినీళ్ల గ్లాసు మాత్రం వేరుగా, కిటికీ గట్టు మీద ఎందుకుండాలి? దేవుడికి దండం పెట్టుకుంటున్నప్పుడల్లా ఇల్లాలికి ఏళ్లుగా ఇదే సందేహం. ఆ గ్లాసు అక్కడ పెట్టింది అత్తగారు. అత్తగారు పోయారు, గ్లాసు ఉండిపోయింది. దేవుడూ జవాబు చెప్పలేదు, ఆవిడా గట్టిగా అడగలేదు.

ఆ పొద్దున వంటావిడ కూరలు తరుగుతుండగా భర్త వంటగదిలోకి వచ్చాడు. రోడ్ల కాంట్రాక్టులతో నాలుగు రాళ్లు వెనకేసుకున్న మనిషి, ఈసారి ఎన్నికల్లో నిలబడాలని చూస్తున్నాడు. మధ్యాహ్నం వంటావిడ ఇంట్లో భోంచేస్తాడట. పేదింట్లో తిన్న ఫొటో పేపర్లో పడుతుందట. వంట మాత్రం ఇక్కడే చేయించి కారులో పంపాలట. పళ్లేలూ నీళ్లూ కూడా.

"ఆవిడింట్లో పళ్లేలు లేవా?" అంది ఇల్లాలు.

"ఉంటాయి. ఎలా ఉంటాయో ఎవరు చూశారు? కడుపులో తేడా చేస్తే ప్రచారం మూలపడుతుంది."

"రోజూ మనం తినేది ఆవిడ చేతి వంటేగా?"

"పొద్దున్నే పేచీ పెట్టకు. ఈ ఫొటో లేకపోతే పార్టీవాళ్లు నా ముఖం చూడరు."

వంటావిడ తలెత్తకుండానే అంది. "మీ పళ్లేల్లో, మీ వంటే తినేదానికి నేనెందుకయ్యగారూ? నా ఇంట్లో నేనే చుట్టాన్నవుతాను. నేనుండను."

"అంత పౌరుషముంటే రేపట్నుంచి ఇక్కడికీ రాకు," అని ఆయన విసవిసా వెళ్లిపోయాడు.

వంటావిడ కత్తి కడిగి పక్కన పెట్టింది. ఇల్లాలికి పాత సంగతి గుర్తొచ్చింది. సొంతంగా ఓ గది కట్టుకున్న కొత్తలో వంటావిడ తనను భోజనానికి పిలిచింది. తప్పకుండా వస్తానంది. అత్తగారు ముఖం ముడుచుకుంటే ఆగిపోయింది. వంటావిడ మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఆ భోజనం మాత్రం బాకీగా మిగిలిపోయింది.

"నువ్వు ఇంటికెళ్లి మీ పొయ్యి మీదే వండు. నేనొస్తున్నాను, ఆయన్నీ తీసుకొస్తాను," అంది ఇల్లాలు.

మధ్యాహ్నం వంటావిడ ఇంటి ముందు భార్యతో కారు దిగాక ఆయన వెనక సీటు వెతికాడు.

"వంటా పళ్లేలూ మరిచావా?"

"లేదు, తేలేదు."

ఒకటే గది. ఫొటోగ్రాఫర్ అప్పటికే గోడవారగా సర్దుకుని ఉన్నాడు. ఇల్లాలు ముందుగా వెళ్లి చాప మీద కూర్చుంది. "ముందు నాకు పెట్టు. నన్ను ఎప్పుడో పిలిచావు," అంది. వంటావిడ గిన్నె దగ్గరికి లాక్కుని వడ్డించింది.

అంచు సొట్టపోయిన పళ్లెం, తోమితోమి మెరుస్తోంది. ఆయన కాసేపు నిలబడి, చివరికి కూర్చున్నాడు. మొదటి ముద్ద కెమెరా కోసం తిన్నాడు. నోట్లోకి వెళ్లాక తెలిసింది, రోజూ ఇంట్లో తినే రుచే. తల వంచుకుని తినసాగాడు.

"ముద్ద ఇంకొంచెం పైకెత్తండి సార్," అన్నాడు ఫొటోగ్రాఫర్.

"తిననీవయ్యా. కాసేపు బయట నిలబడు," అన్నాడాయన. ఆ తర్వాత, పళ్లెంలోకే చూస్తూ, "రేపు పొద్దున మామూలుగానే రామ్మా," అన్నాడు.

వంటావిడ ఆయన ముందు మంచినీళ్లు పెట్టింది.

"వచ్చాక వెతుక్కోకు," అంది ఇల్లాలు. "కిటికీలో గ్లాసు తీసేశాను. మా గ్లాసులతోనే కలిపేశాను."

వంటావిడ కళ్లు కొంగుతో ఒత్తుకుని, అడక్కుండానే ఇంకో గరిటె కూర ఇల్లాలి పళ్లెంలో వేసింది.

"ఆనాటి బాకీ తీరిందమ్మగారూ. ఇది వడ్డీ."