మట్టిబొమ్మ మెడ తిప్పిన రీలు

కల్వకుర్తి రేకుల టాకీసులో రామచంద్రయ్య ఆపరేటరు. అరవై ఒకటి ఎండాకాలంలో, సినిమా పెట్టెలతోపాటు పేరు లేని చిన్న రీలొకటి వచ్చింది. మధ్యాహ్నం తలుపులన్నీ మూసి, ఒక్కడే దాన్ని వేసి చూశాడు.

మాటల్లేవు. పాటల్లేవు. చీకటి గదిలో మగ్గం ముందు, వీపు ఇటు పెట్టి కూచున్న మట్టి ఆడబొమ్మ. నేస్తోంది. చెయ్యి జరిగేది, ఆగేది, మళ్ళీ జరిగేది. రీలును వెలుతురుకు పట్టి చూస్తే కిటుకు తెలిసింది. ఎవరో బొమ్మను నువ్వుగింజంత జరిపి ఒక ఫోటో, ఇంకాస్త జరిపి ఇంకో ఫోటో తీశారు. ఎన్ని నెలలు కూచున్నారో!

సాలెల ఇంట్లో పుట్టిన రామచంద్రయ్యకు ఆ ఓపిక తెగ నచ్చింది. రోజూ వేసుకునేవాడు. నాలుగో రోజు బొమ్మ మెడ కొంచెం పక్కకు తిరిగి ఉంది. నిన్న అట్లా లేదు. ఏడో రోజుకు చెంప కనిపించింది. రీలు వాపసు పంపేద్దామనుకున్నాడు. కానీ ఆ ముఖం చూడకుండా ఎట్లా...

ఆ రోజు భార్య ఆండాళు సద్ది పట్టుకొని మిషను గదిలోకి వచ్చింది.

"తిండి మాని గిదేం పిచ్చయ్యా? జర బంద్ చెయ్యి."

"ఆగే. గా మొఖం తిరుగుతాంది."

ఆమె కూడా చూసింది. బొమ్మ పూర్తిగా తిరిగింది. ముఖం ఉండాల్సిన చోట నున్నటి మట్టి. రీలు అయిపోయింది. గదినిండా పచ్చిమట్టి వాసన.

"ఆండాళూ, ఇంటికి పోదాం పా."

ఆమె చెయ్యి గాలిలో ఉంది. ఎప్పుడెత్తింది? అతని రెప్ప పడింది. తెరిచేసరికి చెయ్యి ఇంకాస్త పైన. మళ్ళీ పడింది. ఆమె మెడ కొంచెం తిరిగింది... కదులుతుండగా మాత్రం కనబడటం లేదు.

ఆమెను గట్టిగా పట్టుకున్నాడు.

"ఎవరో జరుపుతాండ్రయ్యా నన్ను..." గుసగుసగా అంది. "రెప్ప కొట్టకు."

కళ్ళు మండాయి. నీళ్ళు కారాయి. ఎంతసేపని... రెప్ప పడింది.

పట్టుకున్న చేతులు ఖాళీ. ఆమె మూలన, గోడ వైపు తిరిగి కూచొని ఉంది.

ఆమెను ఎత్తుకొని ఇంటికి తెచ్చాడు. రీలునూ తెచ్చి పొయ్యిలో తగలబెట్టాడు. దవాఖానలో ఏ రోగమూ లేదన్నారు. ఆమె మళ్ళీ మాట్లాడలేదు. చూపు తప్పితే చాలు, జరిగేది. అతనూ తల్లి బాలనర్సమ్మా వంతులేసుకొని కాపలా కూచున్నారు.

అయిదో రోజు తెల్లవారుజామున, గడపకు ఆనుకొని కూచున్న రామచంద్రయ్య క్షణం కునికాడు. ఉలిక్కిపడి చూస్తే ఆండాళు మంచంలోనే ఉంది. తనే గది నడుమ నిలబడి ఉన్నాడు, ఒక కాలు గాలిలో.

"అవ్వా... నేనెప్పుడు లేచిన?"

మంచం పక్కన కూచున్న బాలనర్సమ్మ వెనక్కి జరిగింది. "నిన్నే చూస్తున్న బిడ్డా. నువ్వు లేవనే లేదు."

కాలు కింద పెట్టబోయాడు. అది దిగలేదు.