పదమూడు రోజుల ఏడాది

"జరా కండ్లు తెరిచి నడువు! మనిషి కనిపిస్తలేదా?"

సాయంత్రం ఏడింటికి, పనివాళ్ల పాళీ మారే వేళ, భివండి పద్మనగర్‌లోని మరమగ్గాల షెడ్డు గుమ్మంలో అంకుశం ఆ తిట్టు తిన్నాడు. రాత్రి పాళీకి వస్తూ, పగలంతా కండెలు చుట్టి ఇంటికి పోతున్న కోమల్‌ను గుద్దేశాడు మరి! ఆమె మరాఠీ పేపరు కింద పడింది.

"గిదేంది, ఎర్ర సూర్యుడు?" పేపరు తీసి, అందులోని బొమ్మ చూసి అడిగాడు.

"కొత్త గ్రహం దొరికిందట. గ్లీజ్ 581 సి. ఇరవై కాంతి సంవత్సరాల దూరం. మన భూమికి అయిదింతల బరువు. ఆడ ఏడాదంటే పదమూడు రోజులే."

"గట్లైతే నేను భివండికొచ్చి నాలుగేండ్లు దాటినయ్. వచ్చింది రెండు నెలల కిందనే, గని నాకు గట్లనే అనిపిస్తుంది."

కోమల్ నవ్వబోయి ఆగింది.

"ఒక దిక్కు ఎప్పుడూ పగలు, ఇంకో దిక్కు ఎప్పుడూ రాత్రి ఉండొచ్చట."

"నాది రాత్రి దిక్కు," అన్నాడు అంకుశం.

అబద్ధం కాదు. గదిలో ఎనిమిది మంది ఉన్నా, అతను వచ్చేసరికి వాళ్లు పనికి పోతారు. ఇంకొకడు లేచిన చాప మీదే పడుకోవాలి. ఒంటరితనంతో పిచ్చెక్కుతోంది.

ఆ రోజు నుంచి గుమ్మంలో అయిదు నిమిషాలు ఆ గ్రహం కబుర్లే.

"ఇయ్యాల ఆడ ఏం సంగతి?" అనేవాడు అంకుశం.

"బరువెక్కువ గద, అందరు పొట్టోళ్లే. నీ లెక్క! పగటికీ రాత్రికీ నడిమిట్ల ఒక జాగ ఉన్నది. ఆడ ఎప్పుడూ సాయంత్రమే."

"గాడ ఇల్లు కిరాయికి దొరుకుతదా?"

మే నెలలో ఒకరోజు కోమల్ నవ్వలేదు. షెడ్డులోకే వచ్చి అతని చెవి దగ్గర అరిచింది.

"ఆదివారం సోలాపూరోళ్లు నన్ను సూడనీకి వస్తున్నరు. ఏమన్న అనేదుంటే ఇప్పుడే అను!"

అంకుశం మగ్గం వదిలి ఆమె వైపు తిరిగాడు. ఈ పిల్ల పోతే ఈ ఊళ్లో తనకంటూ ఎవరు? చెప్పేశాడు. మగ్గాల మోతలో ఆమె చెవికి చెయ్యి అడ్డం పెట్టి, వినబడలేదంటూ తల ఊపింది. మళ్లీ చెప్పాడు. ఊహూఁ. ఇక కళ్లు మూసుకొని గొంతు చించుకున్నాడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది!

"నువ్వు లేకపోతే నాకెవ్వరూ లేరు కోమల్! నన్ను చేసుకో!"

ఆగిన మగ్గాల మధ్య ఆ కేక రేకుల కప్పుకు తగిలింది. అందరూ తిరిగి చూశారు. మగ్గాలు బాగుచేసే జాబర్ నర్సింగం, అంటే కోమల్ తండ్రే, పానా పట్టుకొని లేచాడు. అంకుశం చెంపదెబ్బకు సిద్ధమయ్యాడు.

"ఏం బిడ్డా, ఏమంటవ్?" నర్సింగం కూతుర్ని అడిగాడు.

"మొదటిసారే తెలిసింది నాయినా. మిషన్ల నడుమ పెరిగిన, పెదవులు సూస్తే సాలు. ఇంకోసారి అనిపిద్దామని ఆగిన."

నర్సింగం పానా పక్కన పెట్టి అంకుశం దగ్గరికొచ్చాడు.

"సోలాపూరోళ్లకు రావొద్దని నేను చెప్తలే. ముందుగాల ఇది చెప్పు, అన్నం తిన్నవా?"

భివండిలో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆయనే. అంకుశం అందరి ముందూ ఏడ్చేశాడు.